గడప అవతలి పిలుపు

మా వైపు బాలింత గదిలోకి ఎవరూ నేరుగా అడుగు పెట్టరు. గడప అవతల ఆగి పిలుస్తారు. పిలుపు వినగానే బాలింతే బిడ్డను ఎత్తుకుని గడప దాటి వెళ్ళాలి. వచ్చినవాళ్ళ ముఖం చూడాలి. తరువాత తను ముందు, వాళ్ళు వెనక లోపలికి రావాలి. నలభై రోజులు ఇదే పద్ధతి. సమాధుల దగ్గర నుంచి వచ్చినవాళ్ళు గానీ, ఒంటి మీద బంగారం ఉన్నవాళ్ళు గానీ పిలవకుండా లోపలికి వచ్చారంటే తల్లికి పాలు ఎండిపోతాయి. దీన్ని కబ్సా అంటారు. కాన్పు ఆసుపత్రిలో అయినా, ఇంట్లో అయినా ఈ భయం మాత్రం తప్పదు.

నా మొదటి బిడ్డ అలాగే పోయాడు. పాలు పట్టి పడుకోబెట్టి, లేచి చూసేసరికి నా గుండెలు తడి లేకుండా ఉన్నాయి. ఆ వేళ ఎవరు పిలవకుండా వచ్చారో ఈనాటికీ తెలియదు. వాడి ఏడుపు రోజురోజుకీ సన్నబడి, చివరికి నోరు తెరిచినా చప్పుడు రాకుండా అయింది. ఆ తెరిచిన నోరు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అందుకే నా కూతురు రీమ్ పుట్టినప్పుడు నేను గడప మీద నుంచి కన్ను తీయలేదు.

మా ఇల్లు బహ్‌నసా ఊళ్ళో చివరిది. పెరటి గోడ దాటితే దిబ్బ. దిబ్బ కింద రోమన్ల కాలం నాటి ఊరు ఉంది. ఊరి పక్కన ఆ ఊరివాళ్ళ సమాధులు ఉన్నాయి. చలికాలం రాగానే విదేశీ బృందం వచ్చి తవ్వకాలు మొదలుపెడుతుంది. నా భర్త రబీ అందులో కూలి. తెల్లవారకముందే వెళ్ళి, ఎండ తలమీదికి వచ్చాక తిరిగి వస్తాడు. తొడుక్కున్న పొడుగు చొక్కా, గలాబియా నిండా తెల్లటి దుమ్ము, కనురెప్పల మీద కూడా దుమ్మే. నేరుగా చచ్చినవాళ్ళ మధ్య నుంచి వచ్చే మనిషి కాబట్టి మా అత్త రస్మియా అతని విషయంలో ఇంకా పట్టుదలగా ఉండేది.

"పిలవడం మర్చిపోయావంటే కాళ్ళు విరగ్గొడతాను," అనేది కొడుకుతో. "పారిపోయి సమాధిలో దాక్కున్నా లాక్కొచ్చి మరీ విరగ్గొడతాను."

"మర్చిపోనమ్మా. రోజూ చెప్పాలా?"

"రోజూ చెప్పాలి. నీ నాన్నకి రోజూ చెప్పినా మర్చిపోయేవాడు."

రబీ మర్చిపోలేదు. రోజూ వాకిట్లో ఆగి, గొంతు సవరించుకుని, "రీమ్ వాళ్ళమ్మా, వచ్చాను, బయటికి రా," అని పిలిచేవాడు. చివరి మాటని కొంచెం సాగదీసేవాడు. అతనిది మంచి గొంతు. పెళ్ళిళ్ళలో పాడమని అడిగేవాళ్ళు. ఆ పిలుపు కోసం నేను ముందే పాపను ఎత్తుకుని కూర్చునేదాన్ని.

ఒకరోజు తినేటప్పుడు అతనే చెప్పాడు. పక్కింటి ఇతిదాల్ కూడా ఉంది అప్పుడు. ఆమె తవ్వకాల దగ్గర పెంకులు కడిగే పనికి వెళ్తుంది. మా ఇంటికి వచ్చే ముందు చెవిపోగులు తీసి కొంగుకి కట్టుకునేది.

"ఇవాళ కొత్త సమాధి తెరిచాం," అన్నాడు రబీ. "రాతి పలకల కింద వరసగా పడుకోబెట్టారు. ఒకడి నోట్లో బంగారు నాలుక ఉంది."

"బంగారు పన్ను విన్నాం గానీ నాలుకేంట్రా," అంది అత్త.

"నిజంగానే. పల్చటి రేకు. నాలుకలా కత్తిరించి నోట్లో పెట్టారు. చచ్చాక దేవుడి ముందు నిలబడి మాట్లాడాలంట. సొంత నాలుక కుళ్ళిపోతుంది కదా, అందుకని."

"మా ఆయనకి బతికుండగానే ఒకటి పెట్టించండి," అంది ఇతిదాల్. "ఇంట్లో నోరు విప్పడు."

"నీ ముందు ఎవడు విప్పుతాడే," అంది అత్త. "నీకు రెండున్నాయి. అతనిది కూడా నీ దగ్గరే ఉంది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"అంటే వాళ్ళు చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉందన్నమాట," అన్నాను.

రబీ రొట్టె తుంచబోతూ ఆగి నా వైపు చూశాడు. "అన్నీ నీకే తోస్తాయి," అన్నాడు.

నాకు తోస్తాయి, నిజమే. నేను ఆరో తరగతి దాటలేదు, కానీ భయపడటం ఎవరూ నేర్పక్కర్లేదు. పెరటి గోడకి అవతల తట్టలతో మట్టి పోస్తున్న చప్పుడు వినిపించినప్పుడల్లా పాపని గుండెకి అదుముకునేదాన్ని. "ఈ దిబ్బ పక్కన నేనుండలేను, ఎక్కడికైనా తీసుకెళ్ళు, మినియా పట్నంలో ఒక్క గదైనా చాలు," అని రబీని పోరేదాన్ని. అతను సరే అనేవాడు. సరే అనడం తప్ప ఏం చేయగలడు?

ఆ తరువాత రెండు మూడు రోజులకి జరిగింది.

పాప పాలు తాగుతోంది. అత్త పెరట్లో రొట్టెల పిండి ముద్దలు పొంగడానికి ఎండలో పెడుతోంది. వాకిలి తలుపు చప్పుడైంది. పిలుపు వస్తుందని చూశాను. రాలేదు. గది తలుపు తెరుచుకుని రబీ లోపలికి వచ్చేశాడు.

గడప దాటి రెండడుగులు వేసి నిలబడ్డాడు. పెదవులు బిగించుకుని ఉన్నాడు. మర్చిపోయి వచ్చిన మనిషి ముఖం కాదు అది. కళ్ళు పెద్దవి చేసుకుని నన్నూ, పాపనీ, మళ్ళీ నన్నూ చూశాడు.

"పిలవలేదేం?" అన్నాను. గొంతు నాది కానట్టు వచ్చింది.

చెయ్యి అడ్డంగా ఊపి, మమ్మల్ని దాటుకుని పెరట్లో నీళ్ళ కుండ వైపు పరుగులాంటి నడకతో పోయాడు. పాప రొమ్ము వదిలేసి ఏడుపు అందుకుంది.

అత్త పిండి చేతులతోనే లోపలికి వచ్చింది. "వాడు పిలిచాడా?"

నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె తిట్టలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. గుమ్మంలో చతికిలబడి, పిండంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

రబీ కాసేపటికి వచ్చాడు. "పంటి నొప్పి," అన్నాడు, మాట ముద్దగా. "నోరు తెరవలేకపోయాను."

సాయంత్రానికి పాలు పల్చబడ్డాయి. మర్నాటికి లేవు.

మెంతులు మరిగించి తాగాను. కోడి పులుసు తాగాను. అత్త నువ్వులు దంచి పెట్టింది. ఊరి ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచిది. పాపని తూచి, నా వైపు చూసి, "నీ భయమే నీ పాలు తాగేస్తోంది, నిద్రపో, బాగా నీళ్ళు తాగు," అని చెప్పి పాలపొడి డబ్బా ఇచ్చింది. పాప ఆ పాలు పట్టిన ప్రతిసారీ కక్కేసింది. మేకపాలూ అంతే. చెంచాతో పోస్తే పెదవి చివర నుంచి కారిపోయేవి. నేను నిద్రపోలేదు. పాప ఏడుపు వింటూ కూర్చున్నాను. అది సన్నబడుతోందా, లేక నాకే అలా వినిపిస్తోందా అని.

"ఎవరు తెచ్చారో, ఏం తెచ్చారో తెలిస్తేనే విరుగుడు," అంది అత్త. "మట్టి వల్లయితే ఆ మట్టి దాటాలి. ఎముక వల్లయితే ఆ ఎముక దాటాలి. ఏరా, ఆ రోజు ఏం ముట్టుకున్నావు?"

"ఎముకలే. రోజూ ముట్టుకునేవే," అన్నాడు రబీ.

తవ్వకాల దగ్గరి మట్టి తెచ్చి ఇచ్చాడు. దాన్ని నేల మీద పోసి ఏడుసార్లు దాటాను. ఏమీ కాలేదు. అత్త ఆ మట్టిని కాలితో తోసి, కొడుకు వైపు చూడకుండా, "ఇది మట్టి వల్ల కాదు," అంది.

ఈలోగా తవ్వకాల దగ్గర గొడవ మొదలైంది. ఇతిదాల్ వచ్చి గడప అవతలే నిలబడి చెప్పింది.

"కొత్త సమాధిలో ఇంకో శవం నోరు తెరిచి ఉందట. దవడ దగ్గర పసుప్పచ్చగా మెరుపు అంటుకుని ఉంది, రేకు లేదు. పురావస్తు శాఖ ఇన్‌స్పెక్టర్ రుసరుసలాడుతున్నాడు. ఇప్పుడు మా జేబులూ చేతులే కాదు, చెప్పులు కూడా విప్పించి చూస్తున్నారు. నా జడ కూడా విప్పించారు. వెతికినవాళ్ళకి పేలు దొరికాయి, తీసుకోండి, మీకే ఇచ్చేశాను అన్నాను."

"నోరు చూస్తున్నారా?" అన్నాను.

ఎందుకడిగానో అప్పుడు నాకే తెలియదు. ఇతిదాల్ నవ్వబోయి ఆగింది. "నోరెందుకు?" అంది.

ఆ రోజు రబీ ఏమీ తినలేదు. రొట్టె పాలలో నానబెట్టి ఇచ్చినా మింగలేకపోయాడు. నోరు తెరవమంటే తెరవడు. మాట్లాడితే సగం మాటలు గొంతులోనే ఉండిపోతున్నాయి. పాప ఏడుపూ, అతని మాటా ఒకేసారి తగ్గుతున్నట్టు అనిపించింది నాకు.

పాప మెడలో ఒక తాయెత్తు ఉంది. మూడు కోణాల గుడ్డ సంచి. లోపల అల్లా పేరు రాసిన కాగితం, నల్ల జీలకర్ర, ఉప్పు గల్లు. పాప పుట్టిన ఏడో రోజున అత్తే నీలం దారంతో చీమ నడిచినట్టు సన్నగా కుట్టి కట్టింది. పాపకి ఒళ్ళు తుడుస్తుంటే దాని కింద ఎర్రటి గీత కనిపించింది. గోరు గీసినట్టుంది. తాయెత్తు తిప్పి చూశాను. ఒక పక్క దారం తెల్లగా ఉంది. కుట్లు పొడుగ్గా, వంకరగా ఉన్నాయి. గోనెసంచి మూతి కుట్టినట్టుగా.

మా ఇంట్లో గోనెసంచులు కుట్టేది రబీ ఒక్కడే.

పళ్ళతో దారం తెంపాను. జీలకర్ర చేతిలో రాలింది. ఉప్పు గల్లు రాలింది. తరువాత అది వచ్చింది. ఉల్లిపొర అంత పల్చన, నా బొటనవేలంత పొడుగు. నాలుక ఆకారం. మధ్యలో ఒక గీత, నాలుకకి ఉన్నట్టే. ఒక అంచు మీద నల్లగా ఎండిన రక్తం ఉంది.

అప్పుడు అన్నీ తెలిశాయి. ఆ రోజు కాపలావాళ్ళు జేబులు చూస్తారని నోట్లో పెట్టుకున్నాడు. నోట్లో అది ఉండగా వాకిట్లో ఆగి పిలవలేకపోయాడు. ఆలస్యం చేస్తే ఎవరైనా పలకరిస్తారని నేరుగా వచ్చేశాడు. పిలవాల్సిన పిలుపు ఆ రేకు కిందే ఉండిపోయింది. తరువాత ఎవరూ వెతకని చోటు చూసి దాచాడు. నా పాప గుండె మీద దాచాడు.

రబీ పని నుంచి వచ్చేసరికి దాన్ని గుడ్డ మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. అత్తకి కూడా చూపించాను. ఆమె ముట్టుకోలేదు.

"ఇది ఎప్పటి నుంచి పాప మెడలో ఉంది?" అని అడిగాను.

రబీ తలుపు గడియ వేశాడు. "మెల్లగా మాట్లాడు," అన్నాడు. ఒక్కో మాటా నమిలి బయటికి తోసినట్టు వచ్చింది. "శుక్రవారం ఒకతను వస్తాడు. తీసుకుని పోతాడు. మనం కూడా పోతాం. మినియాలో గది చూశాను."

"పాలు ఎందుకు పోయాయో తెలిసీ ఊరుకున్నావా?"

"ఈ దిబ్బ పక్కన ఉండలేనన్నది ఎవరు? రోజూ నా చెవిలో పోరింది ఎవరు?"

పాప నోరు తెరిచింది. ఏడుపు రాలేదు. చిన్న గాలి చప్పుడు వచ్చింది, అంతే. మొదటి బిడ్డకి వచ్చిన చప్పుడే అది.

"ఆ గదిలోకి బిడ్డ లేకుండా నేనొక్కదాన్నే రావాలా?" అన్నాను.

రబీ గోడకి ఆనుకుని కూర్చుని ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. "తిరిగి పెట్టడానికి లేదు," అన్నాడు వేళ్ళ సందుల్లోంచి. "నన్ను ఆ సమాధి వైపే రానివ్వట్లేదు. దొరికితే జైలే."

"దాన్ని దాటితే సరిపోతుందా?" అని అత్తని అడిగాను.

"దాటకు," అంది అత్త వెంటనే. "దాటితే అది మనదని ఒప్పుకున్నట్టు. ఎవరి నోటిదో వాళ్ళ నోటికే పోవాలి. నువ్వే తీసుకెళ్ళాలి. పాలు పోయినదానివి నువ్వు. నిన్నెవరూ ఆపరు."

మా ఊళ్ళో ఇదొకటి ఉంది. పిల్లలు పుట్టనివాళ్ళూ, పాలు పోయినవాళ్ళూ దిబ్బ దగ్గరికి వెళ్ళి పాత శవాలను దాటుతారు. మా అత్త వాళ్ళమ్మ కూడా దాటిందట. బృందంవాళ్ళకి ఇష్టం ఉండదు. కానీ వాళ్ళు భోజనానికి గుడారంలోకి వెళ్ళిన వేళ కూలీల మీద ఉండే ఖలఫ్ మేస్త్రీ ఆడవాళ్ళని పోనిస్తాడు. ఇతిదాల్ వెళ్ళి అతనితో మాట్లాడింది.

మర్నాడు మధ్యాహ్నం బయల్దేరాం. అత్త పాపని ఎత్తుకుంది. తవ్వకాల దారిలో కొత్తగా ఒక కాపలామనిషి కూర్చున్నాడు, పక్కన ఆడమనిషి ఒకామె. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ తడుముతున్నారు. ఆమె మా నల్ల బట్టల మడతలు చూసింది. జుట్టు చూసింది. పాప గుడ్డలు విప్పి చూసింది. ఖాళీ తాయెత్తుని కూడా నలిపి చూసింది.

నోట్లో ఏముందో చూడలేదు.

అది నా నాలుక మీద ఉంది. ఇంటి దగ్గర పెట్టుకున్నప్పుడు చల్లగా ఉంది. దారంతా నోట్లో ఉన్నా చల్లగానే ఉంది. రుచి లేదు. నాలుక కదిపితే తెగుతుందని కదపలేదు. కానీ అది కదులుతున్నట్టు ఉంది. నేను అనని మాటేదో అనబోతున్నట్టు, అంగిటికి ఆనుతూ, దిగుతూ. దాన్ని పళ్ళతో నొక్కిపట్టి నడిచాను.

సమాధి మెట్ల దగ్గర ఖలఫ్ మేస్త్రీ నిలబడి ఉన్నాడు. తలపాగా తెల్లగా, మీసం తెల్లగా, మధ్యలో ముఖం మాత్రం ఇటుకలా ఉంటుంది అతనిది.

"ఎవరి కోడలివమ్మా?" అన్నాడు నాతో.

నేను నేల చూశాను.

"నా కోడలేనయ్యా," అంది అత్త. "పాలతో పాటు మాట కూడా పోయింది దీనికి."

"నిన్ను అడగలేదు రస్మియా. ఆ అమ్మాయినే అడిగాను."

"చెప్పాను కదా, మాట్లాడలేదని. నీ మేస్త్రీతనం నా మీద చూపించకు. నువ్వు చెప్పుల్లేకుండా మేకలు కాసిన రోజులు నాకు తెలుసు."

ఖలఫ్ నవ్వలేదు. నా బిగించిన పెదవులని చాలాసేపు చూశాడు. "రబీ కూడా మొన్న ఇలాగే పోయాడు, పలకరిస్తే పలక్కుండా. పంటి నొప్పన్నాడు," అన్నాడు. "మీ ఇంట్లో అందరికీ ఒకే రోగం పట్టినట్టుందే."

అత్త పాపని గుండెకి హత్తుకుంది. అటువైపు గుడారంలో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

ఖలఫ్ పాపని చూశాడు. పాప నోరు తెరిచి ఉంది. చప్పుడు లేదు.

"దిగండి," అన్నాడు చివరికి. "నేను అటు తిరిగి నిలబడతాను. రోగం లోపలే వదిలేసి రండి."

మెట్లు దిగాం. పైన ఎండ, కింద నీళ్ళలోకి దిగినంత చల్లదనం. పాత గుడ్డ వాసన, దాని కింద తీపి వాసన ఒకటి, ఎండిన పండులాంటిది. గోడ వెంబడి వాళ్ళు వరసగా పడుకుని ఉన్నారు. చుట్టిన గుడ్డల మీద ఎరుపు, పసుపు రంగులు ఇంకా ఉన్నాయి. చివరి మనిషి ముఖం మీద గుడ్డ లేదు. నోరు తెరిచి ఉంది.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. అత్త పాపని పట్టుకుని మెట్ల దగ్గరే ఆగిపోయింది. పెదవులు తెరిచి రేకుని వేళ్ళతో తీశాను. అప్పుడు, అది నా నోట్లోంచి బయటపడే ఆ క్షణంలో, నా గొంతు నా ప్రమేయం లేకుండా కదిలింది. మాట రాలేదు. మాట ఆకారం మాత్రం వచ్చింది. నోరు రెండుసార్లు తెరుచుకుని మూసుకుంది. ఆ ఆకారం నాకు తెలిసినదే. రోజూ విన్న పిలుపే.

ఆ తెరిచిన నోట్లో, నల్లబడిన పళ్ళ వెనక దాన్ని పెట్టాను. ఎక్కడిదో అక్కడికి వెళ్ళినట్టు చప్పుడు లేకుండా జారి కూర్చుంది. "ఇది నీదే. నా బిడ్డది నాకివ్వు," అన్నాను. తరువాత లేచి, గుడ్డలు కాలికి తగలకుండా, ఏడుసార్లు అటూ ఇటూ దాటాను.

మెట్ల దగ్గర పాప కెవ్వుమంది. గోడలు మోగేలా ఏడ్చింది. నా బట్టల ముందు భాగం తడిసిపోయింది. అత్త ఏడుస్తూ నవ్వుతూ పాపని నా చేతుల్లో పెట్టింది. అక్కడే, మెట్ల మీద కూర్చుని పాలిచ్చాను. పాప గుటకలు వేస్తున్న చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు.

పైకి వచ్చాక ఖలఫ్ ఇటు తిరిగాడు. "నోరు బాగైందా?" అన్నాడు.

"బాగైంది, మేస్త్రీగారూ."

"అయితే ఇంక ఇటు రాకు."

రెండు రోజులకి ఇన్‌స్పెక్టర్ రేకుని చూశాడు. ముందు సరిగ్గా చూడలేదేమో అని ఖలఫే అన్నాడట. గొడవ సద్దుమణిగింది. శుక్రవారం వచ్చినవాడిని అత్త వాకిట్లోంచే తిట్టి పంపింది. పాప బుగ్గలు నిండాయి. నలభయ్యో రోజున స్నానం చేయించి, శనగలు పంచాం.

రబీ నోరు మాత్రం బాగవలేదు. రేకు అంచు నాలుకని లోతుగా కోసింది. పుండు మానింది. డాక్టరమ్మ చూసి, గాయం పూర్తిగా తగ్గింది, మాట ఎందుకు రావట్లేదో తెలియట్లేదు అంది. ఉప్పు, నీళ్ళు, అవును, కాదు, అంతవరకు అతి కష్టం మీద అంటాడు. ఒక్క మాట మాత్రం ఎంత ప్రయత్నించినా రాదు. వాకిట్లో నిలబడి పెదవులు కదుపుతాడు. గొంతు నరాలు ఉబ్బుతాయి. చివరికి తలుపు మీద చేత్తో కొడతాడు. అదే అతని పిలుపు ఇప్పుడు.

నలభై రోజులు దాటిన మర్నాడు అతను పని నుంచి వచ్చాడు. తలుపు కొట్టాడు, లోపలికి వచ్చాడు, కాళ్ళు కడుక్కుని నా ఎదురుగా కూర్చుని తింటున్నాడు. నోట్లో రొట్టె ఉంది. అత్త పక్కనే ఉంది.

వాకిట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"రీమ్ వాళ్ళమ్మా, వచ్చాను, బయటికి రా."

రబీ గొంతు అది. పాత గొంతు. పెళ్ళిళ్ళలో పాడే గొంతు. చివరి మాటని అలాగే సాగదీసింది. రబీ నా ఎదురుగా రొట్టె నమలడం ఆపి కూర్చున్నాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారాయి. గొంతు అతనిదని నాకంటే ముందు అతనికే తెలిసింది. ఆ రోజు అతని నోట్లో, ఆ రేకు కింద ఆగిపోయిన పిలుపు అది.

"వెళ్ళకు," అంది అత్త. వెంటనే నాలుక కరుచుకుంది. వెళ్ళకపోతే ఏమవుతుందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు. పిలిచినవాడిని గడప దాటి కలవకపోతే అతనే లోపలికి వస్తాడు.

"నలభై రోజులు అయిపోయాయి కదా అత్తా," అన్నాను.

"మనకి అయిపోయాయి," అంది ఆమె.

పాపని ఎత్తుకుని గడప దాటాను. వాకిట్లో ఎవరూ లేరు. ఎండ తెల్లగా ఉంది. ముఖం ఉండాల్సిన ఎత్తులో కళ్ళు నిలిపి నిలబడ్డాను. తరువాత పద్ధతి ప్రకారం వెనక్కి తిరిగి, నేను ముందు, లోపలికి వచ్చాను. నా వెనక ఎవరు వచ్చారో చూడలేదు.

అప్పటి నుంచి రోజూ వస్తుంది ఆ పిలుపు, పని వదిలే వేళకి. ఒక్కరోజు నేను గడప దాటడం ఆలస్యమైంది. పాపకి స్నానం చేయిస్తున్నాను, చేతులు సబ్బు నురుగ. పరుగెత్తి వచ్చేసరికి గది తలుపు తెరిచి ఉంది. గడపకి ఇవతల, చాప మీద, సమాధుల దగ్గరి తెల్ల దుమ్ము పడి ఉంది. చీకటి పడేదాకా నాకు పాలు రాలేదు. ఆ తరువాత ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. రబీ ఊరు మారదామని సైగ చేస్తాడు. ఏ ఊరికి వెళ్ళినా అక్కడి గదికీ ఒక గడప ఉంటుంది కదా.

పాపకి ఇప్పుడు మెడ నిలుస్తోంది. మనుషులని గుర్తుపడుతోంది. రబీ ఒళ్ళో పెట్టుకుని నోటితో ముద్దగా ఏవో చప్పుళ్ళు చేస్తే గోడ వైపు చూస్తుంది, అతని వైపు చూడదు. నిన్న ఎండ వాకిట్లోకి దిగే వేళకి నేను పిలుపు కోసం చెవులు రిక్కించి ఉన్నాను. ఇంకా వినిపించలేదు. నా భుజం మీద పాప ఒక్కసారి తల ఎత్తింది. వాకిలి వైపు తిరిగి, నోరంతా తెరిచి నవ్వింది.

"ఊ," అంది.

ఆ తరువాత వచ్చింది పిలుపు.